కొత్తగా తెచ్చిన తాబేలు పిల్లలు మూడు రోజులుగా ఏమీ తినడం లేదు. ఏం చేయాలి?

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది. పాప పుట్టినరోజుకి మీ బావమరిది రెండు తాబేలు పిల్లల్ని తెచ్చిచ్చారు. పది రూపాయల బిళ్ల కంటే కాస్త పెద్దవి, కంటి వెనక ఎర్రటి చార ఉంది. వాటితోపాటే ఒక ప్లాస్టిక్ గిన్నె, మధ్యలో ప్లాస్టిక్ కొబ్బరిచెట్టు. షాపతను "రోజూ నాలుగు గింజలు వేసి నీళ్లు మార్చండి చాలు, ఇంతకంటే పెరగవు" అన్నాడు. మూడు రోజులైంది, ముట్టుకోవడం లేదు, ఒకటి ఎప్పుడు చూసినా కళ్లు మూసుకునే ఉంటోంది. మీరుండేది హైదరాబాద్, ఇది డిసెంబరు. వీటిని ఇంట్లో పెంచడం చట్టప్రకారం తప్పా అని కూడా అడిగారు.

సూటిగా చెప్తాను. వాటికి తిండి నచ్చక కాదండీ, చలికి తినలేకపోతున్నాయి. ఈ రెండు రోజులూ తిండి సంగతి పక్కన పెట్టి నీళ్లు 27, 28 డిగ్రీలకు తీసుకురండి, ఎక్కి ఆరబెట్టుకోడానికి వెచ్చటి గట్టు ఒకటి పెట్టండి. నూటికి తొంభై ఇళ్లలో తిండి సమస్య ఇక్కడే తీరిపోతుంది. కళ్లు మూసుకున్నదాని గురించి కింద విడిగా రాస్తాను, దాన్ని మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు.

నేను విజయవాడలో 2009 నుంచి వీటిని పెంచుతున్నాను. డాక్టర్ని కాదు. మొదటిదాన్ని చేతులారా చంపుకుని నేర్చుకున్నదాన్ని. ఇప్పుడున్న బుజ్జమ్మకి పదిహేనేళ్లు. ఆ మధ్యలో చుట్టాలూ స్నేహితులూ "ఇక మావల్ల కాదు" అని తెచ్చి దింపినవి ఏడో ఎనిమిదో మా పెరట్లోనే పెరిగాయి.

మన ఒంట్లో పొయ్యి మనమే వెలిగించుకుంటాం. తాబేలుకి ఆ పొయ్యి బయట ఉంటుంది. నీళ్లు చల్లబడితే దాని ఒళ్లూ చల్లబడుతుంది, కడుపులో అరుగుదల ఆగిపోతుంది. తిన్నది అరగక లోపలే కుళ్లుతుంది కాబట్టి అది తినడమే మానేస్తుంది. అంటే మీ పిల్లలు తెలివిగానే ఉన్నాయి. డిసెంబరు రాత్రి మీ గిన్నెలో నీళ్లు 20 డిగ్రీల దగ్గరో ఇంకా కిందో ఉంటాయి. అక్వేరియం షాపులో చిన్న థర్మామీటరు దొరుకుతుంది. ముందు అది కొనండి, చేత్తో ముట్టుకుని లెక్కేయకండి.

ఈ రాత్రికి చేయాల్సింది చెప్తాను. బట్టలు నానబెట్టే పెద్ద టబ్బు ఒకటి కొత్తది తీసుకోండి. జానెడు కంటే కాస్త తక్కువ లోతు నీళ్లు పోయండి. ఒక మూల ఇటుక పెట్టి, దానికి వాలుగా పెంకు ముక్క ఆనించండి. అది పాక్కుంటూ పూర్తిగా నీళ్లలోంచి బయటికి రాగలగాలి. ఇటుకకి అడుగు ఎత్తులో 40 వాట్ల బల్బు. ఎల్ఈడీ కాదు, దాంట్లో వేడి ఉండదు. పాతకాలపు ఫిలమెంటు బల్బు కావాలి, కోళ్ల ఫారాల వాళ్లకి సామాన్లమ్మే కొట్లలో ఇప్పటికీ దొరుకుతుంది. ఇటుక మీద థర్మామీటరు పెడితే 30 నుంచి 32 చూపించాలి. పొద్దున ఏడింటికి వేసి సాయంత్రం ఏడింటికి ఆపేయండి, రాత్రి చీకటి ఉండాలి వాటికి. నీళ్లకి అక్వేరియం హీటరు, ఈ టబ్బుకి 50 వాట్లది సరిపోతుంది. హీటరు మొత్తం మునిగేలా అడ్డంగా పెట్టండి, పైకి తేలితే గాజు పగులుతుంది. నీళ్లలో చెయ్యి పెట్టే ముందు ప్రతిసారీ ప్లగ్గు పీకండి. స్విచ్చి ఆపితే చాలదు, ప్లగ్గే పీకాలి.

వేడినీళ్లు ఒక్కసారి గుమ్మరించకండి. నెమ్మదిగా, గంటకి ఒకటి రెండు డిగ్రీలు పెరిగితే చాలు.

నా స్నేహితురాలు ఒకామె హైదరాబాదులోనే జనవరిలో ఫోన్ చేసింది. తాబేలు కదలడం లేదు, చచ్చిపోయింది, పిల్లలు ఏడుస్తున్నారు, కుండీలో పూడ్చేస్తున్నాం అని. కాలు గిల్లి చూడమన్నాను. కొద్దిగా లాక్కుందట. వెచ్చని గదిలో గోరువెచ్చటి నీళ్లలో, తల పైకుండేలా పెట్టించాను. సాయంత్రానికి ఈదింది. "శీతాకాలంలో అవి నిద్రపోతాయి కదా" అని కొందరంటారు. చల్లటి దేశాల్లో, చెరువు అడుగున, కొవ్వు బాగా పట్టిన పెద్ద తాబేళ్లు అలా ఉంటాయి. మన ఇళ్లలో చలి అంత లోతుగా ఉండదు, వెచ్చగానూ ఉండదు. ఆ మధ్యరకం చలిలో అది నిద్రా పోదు, తిననూ తినదు, జబ్బు పడుతుంది.

ఇప్పుడు కళ్ల సంగతి. కళ్లు మూసుకుని ఉండటం, రెప్పలు ఉబ్బడం రెండు మూడు కారణాల వల్ల వస్తుంది. చలి ఒకటి. మురికి నీళ్లు ఒకటి. మూడోది ఎ విటమిను లోపం, ఇది కొత్తగా వచ్చినవాటిలో కంటే కొన్ని నెలలుగా ఒకే తిండి తింటున్నవాటిలో ఎక్కువ. నా మొదటి తాబేలు చిట్టి దీంతోనే పోయింది. డబ్బాలో అమ్మే ఎండు రొయ్యలంటే ప్రాణం పెట్టేది, ఆరు నెలలు అవే వేశాను. కళ్లు వాచాయి. కొన్న చోటే అడిగితే ఏదో చుక్కలమందు ఇచ్చారు, వారం వేశాను. కనపడక తిండి వెతుక్కోలేకపోయింది. అప్పటికే డిప్ప కూడా మెత్తబడింది. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లేసరికి ఆలస్యమైపోయింది. ఆ ఎండు రొయ్యలు మనకి జంతికల్లాంటివి, అన్నం కాదు. మీది వెచ్చబడిన రెండు మూడు రోజుల్లో కళ్లు తెరవకపోతే డాక్టరుకి చూపించండి. విటమిను చుక్కలు మీ అంతట మీరు పోయకండి, ఎ విటమిను ఎక్కువైనా వాటికి విషమే, చర్మం ఊడిపోతుంది.

డాక్టరు అంటే, వీధి చివర కుక్కల డాక్టరుకి తాబేళ్లు తెలియకపోవచ్చు, అది ఆయన తప్పు కాదు. పశువైద్య కళాశాలల ఆసుపత్రుల్లో అడగండి. మీకు రాజేంద్రనగర్ దగ్గర, మా వైపు గన్నవరం, ఆ పక్క తిరుపతి. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి: ఐవర్‌మెక్టిన్ అనే పురుగులమందు పశువులకి మామూలుగా వాడతారు, తాబేళ్లకి అది ప్రాణాంతకం. ఎవరైనా ఇవ్వబోతే ఆపండి, మొహమాటపడకండి.

ఇక పెంపకం.

మీ దగ్గరున్నవి రెడ్ ఇయర్డ్ స్లైడర్లు. అమెరికాలో మిసిసిపీ నది పక్కల పుట్టిన జాతి. "ఇంతకంటే పెరగవు" అన్నది పచ్చి అబద్ధం. మగది 15 నుంచి 20 సెంటీమీటర్లు, ఆడది 25 నుంచి 30 దాకా పెరుగుతుంది, అంటే మన అన్నం పళ్లెం అంత. బాగా చూసుకుంటే ఇరవై ముప్పై ఏళ్లు బతుకుతుంది. మీ పాపకి పెళ్లీడు వచ్చేదాకా మీ ఇంట్లోనే ఉంటుందన్నమాట. గిన్నె చిన్నదైతే తాబేలూ చిన్నగానే ఉండిపోతుందని కొందరు నమ్ముతారు. చిన్నగా ఉండిపోదండీ, వంకరగా పెరిగి చచ్చిపోతుంది.

చోటుకి నేను పాటించే లెక్క, అంగుళం డిప్పకి 40 లీటర్ల నీళ్లు. ఇప్పుడు రెంటికీ కలిపి వంద లీటర్ల టబ్బు సరిపోతుంది, రెండేళ్లలో చాలదు. గాజు అక్వేరియం అందంగా ఉంటుంది కానీ ఖరీదు, బరువు. మా బుజ్జమ్మది పెరట్లో జామచెట్టు కింద సిమెంటు తొట్టి, ఆరడుగులు నాలుగడుగులు. దాని గోడలు లోపలికి వంగి ఉంటాయి, లేకపోతే ఎక్కి బయటపడుతుంది, ఒకసారి వీధి కాలవ దాకా వెళ్లింది. మావారు ఇప్పటికీ ఆ తొట్టికైన ఖర్చు ఎత్తుతూనే ఉంటారు. అపార్టుమెంటు అయితే బాల్కనీలో 200, 300 లీటర్ల టబ్బు పెట్టుకున్నవాళ్లు నాకు తెలుసు, బాగానే ఉన్నాయి.

అడుగున రంగురాళ్లు వేయొద్దు. మింగేస్తాయి, కడుపులో అడ్డం పడుతుంది. ఏమీ వేయకపోతే కడగడం కూడా తేలిక. ఆ ప్లాస్టిక్ కొబ్బరిచెట్టు తీసేయండి, ఆకులు కొరికి మింగినవి చూశాను.

నీళ్లు. తాబేలు తినేదీ అక్కడే, దొడ్డికి వెళ్లేదీ అక్కడే. నీళ్లలో ఉంటేనే మింగగలదు, కాబట్టి గట్టు మీద తిండి పెట్టి తినలేదనుకోకండి. చేపల ఫిల్టరు దీనికి చాలదు, మీ నీళ్లకి రాసిన దానికంటే రెండు మూడు రెట్లు పెద్దది తీసుకోండి. ఫిల్టరు అందాకా రోజు విడిచి రోజు సగం నీళ్లు, ఫిల్టరు ఉంటే వారానికి సగం. ఫిల్టరు పెట్టగానే నీళ్లు బాగుపడవు. మలమూత్రాల్లోంచి వచ్చే అమ్మోనియాని తినే బాక్టీరియా ఫిల్టరు లోపలి స్పాంజిలో పెరగాలి, దానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అందుకే ఆ స్పాంజిని కొళాయి కింద రుద్ది తెల్లగా చేయకండి, తీసిన తొట్టి నీళ్లలోనే రెండుసార్లు పిండండి. మున్సిపల్ నీళ్లలో క్లోరిన్ ఉంటుంది కాబట్టి ముందురోజే బకెట్లలో పట్టి మూత లేకుండా ఉంచండి. మీకు బోరు నీళ్లయితే డిప్ప మీద తెల్లటి పొర కడుతుంది, అది ఉప్పు, జబ్బు కాదు. గోళ్లతో గీకొద్దు.

ఎండ. దీని దగ్గరే అందరూ తప్పటడుగు వేస్తారు. డిప్ప గట్టిపడాలంటే సున్నం, అంటే కాల్షియం కావాలి, సున్నం ఒంటికి పట్టాలంటే డి విటమిను కావాలి, దానికి ఎండలోని యూవీబీ కిరణాలు కావాలి. కిటికీ అద్దంలోంచి వచ్చే ఎండ లెక్కలోకి రాదు, అద్దం ఆ కిరణాల్ని ఆపేస్తుంది. మీరు పెట్టిన ఫిలమెంటు బల్బులో వేడి ఉంటుంది, అవి ఉండవు. రోజూ ఎనిమిది నుంచి పదింటి మధ్య ఇరవై నిమిషాలు బాల్కనీలో నేరుగా ఎండ తగలనివ్వండి. టబ్బులో సగం నీడ ఉండాలి, వేడెక్కితే పారిపోడానికి. ఏప్రిల్, మేలో అయితే ఇంకా పొద్దున్నే, పది నిమిషాలు. గాజు అక్వేరియంని ఎండలో పెట్టొద్దు, పావుగంటలో లోపల ఉడికిపోతాయి. ఎండ రాని ఫ్లాటయితే యూవీబీ బల్బు కొనాల్సిందే. అది వెలుగుతున్నా ఏడాది తిరిగేసరికి ఆ కిరణాలు తగ్గిపోతాయి కాబట్టి మార్చాలి.

ఎండలో పెట్టినప్పుడు పక్కనే కూర్చోండి. నేను ఫోను ఎత్తడానికి లోపలికి వెళ్లిన రెండు నిమిషాల్లో కాకి ఒకదాన్ని ఎత్తుకుపోయింది. అప్పట్నుంచి కూరగాయల ప్లాస్టిక్ బుట్ట బోర్లించి, పైన రాయి పెడతాను. పిల్లులూ అంతే, మీ వైపు కోతులు కూడా ఉంటే చెప్పక్కర్లేదు.

తిండి. చిన్నప్పుడు మాంసం వైపు మొగ్గు, పెద్దయ్యాక ఆకు వైపు. ఇప్పుడు రోజుకొకసారి మంచి తాబేలు గింజలు (షాపుల్లో తాబేళ్ల కోసం అమ్మే పెల్లెట్లు), దాని తలకాయ ఎంతుంటుందో అంత. అంతే. ఆకలిగా ఉన్నట్టు చెయ్యి చూడగానే గెంతుతుంది, నమ్మకండి, అది ఎప్పుడూ అలాగే నటిస్తుంది. ఎక్కువ పెడితే కాళ్ల సందుల్లో కొవ్వు పట్టి డిప్పలోకి ముడుచుకోలేకపోతుంది. పది సెంటీమీటర్లు దాటాక గింజలు రోజు విడిచి రోజు, ఆకు రోజూ. మా ఇంట్లో ములగాకు, తురిమిన క్యారెట్, తీపి గుమ్మడి ముక్క తింటుంది. పాలకూర ఎప్పుడో తప్ప వద్దు, సున్నాన్ని ఒంటికి పట్టనివ్వదు. గుర్రపుడెక్క ఇష్టంగా తింటుంది కానీ మురికి చెరువుల్లోంచి తేవద్దు. ఊరి మురుగూ ఫ్యాక్టరీల రసాయనాలూ ఆ మొక్క పీల్చుకుని ఉంటుంది. శుభ్రమైన మొక్క ఒకటి తెచ్చి బకెట్లో వేస్తే నెలలో అదే నిండిపోతుంది. లవ్ బర్డ్స్ పంజరంలో వేలాడదీస్తారే, తెల్లటి కటిల్‌బోన్, అది ఒక ముక్క నీళ్లలో పడేయండి, కావాల్సినప్పుడు కొరుక్కుంటుంది. అన్నం, బ్రెడ్డు, బిస్కెట్లు, పాలు వద్దు. పాలు పోసినవాళ్లని కూడా చూశాను.

రెంటినీ ఇప్పటికి కలిపే ఉంచొచ్చు, కానీ తినేటప్పుడు విడిగా పెట్టండి. ఒకటి ఎదిగి రెండోది చిక్కిపోతుంటే, తోకా కాళ్లూ కొరుకుతుంటే విడదీయాల్సిందే. వాటికి తోడు లేకపోతే దిగులని మనం అనుకుంటాం, అవి అనుకోవు. ఆడా మగా ఇప్పుడే తెలియదు. మూడు నాలుగేళ్లకి ముందుకాళ్ల గోళ్లు బాగా పొడుగ్గా, తోక లావుగా ఉంటే మగది.

ఆడదైతే ఒక సంగతి. మగది లేకపోయినా గుడ్లు పెడుతుంది. బుజ్జమ్మకి ఏడేళ్లప్పుడు, ఒక వేసవిలో, తిండి మానేసి రాత్రంతా తొట్టి గోడ గీరేది. జబ్బనుకున్నాను. ఎక్స్‌రే తీస్తే కడుపునిండా గుడ్లు. మట్టి లేక పెట్టలేక ఆపుకుంటోంది. అలా లోపలే ఉండిపోతే ప్రాణం మీదికొస్తుంది. పెద్ద టబ్బులో తడి ఇసుకా మట్టీ కలిపి జానెడు లోతుకి పైగా నింపి, దాన్ని అందులో వదిలి, అందరం ఇంట్లోకి వెళ్లిపోయాం. తెల్లారేసరికి తొమ్మిది గుడ్లు, పైన మట్టి చక్కగా కప్పేసి. మా అత్తగారు ఆ రోజు పాయసం వండారు.

అత్తగారంటే గుర్తొచ్చింది. కూర్మం ఇంట్లో ఉంటే కలిసొస్తుందని ఆవిడ మొదట్లో డిప్పకి పసుపు రాసి బొట్టు పెట్టబోయారు. డిప్ప అంటే మన గోరులాంటిదే, కింద బతికున్న ఎముక ఉంటుంది, నరాలుంటాయి, ముట్టుకుంటే దానికి తెలుస్తుంది. నూనె, రంగు, పసుపు ఏదీ వద్దు. ఇప్పుడు ఆవిడ తొట్టి గట్టు మీద బొట్టు పెడుతున్నారు, అందరికీ బాగుంది. డిప్ప మీద పలచటి పొరలు ఊడుతుంటే భయపడకండి, ఎదుగుతోందని అర్థం. మెత్తగా నొక్కుకుపోతున్నా, వాసన వస్తున్నా, గుంటలు పడుతున్నా డాక్టరు. ముక్కులోంచి బుడగలు, నోరు తెరిచి ఊపిరి, ఈదేటప్పుడు ఒక పక్కకి ఒరగడం, ఇవి ఊపిరితిత్తుల జబ్బు గుర్తులు, అదే రోజు డాక్టరు.

పాప సంగతి. తాబేళ్ల ఒంటి మీదా నీళ్లలోనూ సాల్మొనెల్లా బాక్టీరియా ఉంటుంది, తాబేలు ఆరోగ్యంగా ఉన్నా సరే. మనకి విరేచనాలు, జ్వరం. నాలుగంగుళాల కంటే చిన్న డిప్ప ఉన్న తాబేళ్లని అమ్మకూడదని అమెరికాలో 1975లోనే నిషేధించింది ఇందుకే. చిన్నవైతే పిల్లలు నోట్లో పెట్టుకుంటారని. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగాలి, ముద్దులు పెట్టకూడదు, టబ్బు వంటింటి సింకులో కడగకూడదు. ఇంట్లో అయిదేళ్లలోపు పిల్లలు, గర్భిణులు, బాగా పెద్దవాళ్లు ఉంటే వాళ్లు అసలు ముట్టుకోకపోవడం మంచిది. మీ పాప తొమ్మిదేళ్లదన్నారు కాబట్టి తిండి పెట్టే పని ఇవ్వండి, నీళ్లు మార్చడం మీరు చేయండి.

చట్టం కూడా అడిగారు. మన దేశపు తాబేళ్లని ఇంట్లో పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. వీపు మీద పసుపు చుక్కగీతలున్న నక్షత్ర తాబేలు, చెరువుల్లో దొరికే మెత్తటి డిప్పవి, వీపు మీద కప్పు కట్టినట్టు గట్టు తేలినవి, అన్నీ అంతే. ఎవరైనా "అదృష్టం" అని ఇస్తే అటవీ శాఖకి అప్పజెప్పండి. మీవి కంటి వెనక ఎర్ర చార ఉన్న విదేశీ జాతి కాబట్టి ఆ కోవలోకి రావు.

అలాగని రేపు విసుగొస్తే చెరువులో వదలడానికి లేదు. ప్రపంచంలో అతి చేటు చేసే 100 పరాయి జాతుల జాబితాలో ఇది ఉంది. ఐరోపా సమాఖ్య 1997లోనే దీని దిగుమతి ఆపేసింది. కేరళలో జనం కాలవల్లో వదిలినవి పట్టుకోడానికి అక్కడి అటవీ పరిశోధన సంస్థ నడుం కట్టాల్సి వచ్చింది. మన చెరువుల్లోని తాబేళ్ల తిండీ ఎండకాచుకునే రాళ్లూ ఇవి లాగేసుకుంటాయి. గుడి కోనేట్లో వదిలితే పుణ్యమని మా ఇంటికి తెచ్చినవాళ్లలో సగం మంది ముందు అనుకున్నారట. మీవల్ల కాదనిపిస్తే పెంచేవాళ్లకి ఇవ్వండి. ఆ నిర్ణయం ఇప్పుడే తీసుకున్నా తప్పు లేదు, బావమరిది ఏమీ అనుకోరు.

ఉంచుకుంటానంటే, వారానికోసారి రెంటినీ తూకం వేసి రాసి పెట్టండి. గ్రాముల్లో చూపించే చిన్న తూకం యంత్రం విడిగా కొనండి, వంటింటిది వాడకండి. బరువు నెమ్మదిగా పెరుగుతుంటే అంతా బాగున్నట్టే. ముందు నీళ్ల వేడి సరిచేసి, రెండు రోజులాగి కళ్లు మూసుకున్నదాని ఫొటో దగ్గరగా తీసి పెట్టండి. పక్కనుంచి ఒకటి, వెల్లకిలా కాదు గానీ చేత్తో పైకెత్తి పొట్ట కింది భాగం ఒకటి. థర్మామీటరు అంకె కూడా రాయండి, అది లేకుండా నేనేం చెప్పినా ఊహే అవుతుంది.